బెల్జియం ఈస్ట్, అమెరికా హాప్స్: ఏ సీసా ఎవరికి?

లేబుల్ మీద "బెల్జియన్ ఐపీఏ" అని ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తేలదు. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ అనే చేదు పూలు దండిగా వేసి కాచే బీరు. బెల్జియన్ అంటే దాన్ని బెల్జియం ఈస్ట్‌తో పులియబెట్టారని. ఆ పేరే పెట్టుకున్న ఒక సీసా మూత తీస్తే లవంగం, బాగా మగ్గిన అరటిపండు వాసన ముందు కొడుతుంది. దాని పక్క సీసాలో పంపరపనస తొక్క, దేవదారు జిగురు, వాటి వెంటే నాలుక పట్టేసే చేదు. ఆల్కహాల్ శాతం ఇంచుమించు ఒకటే, రంగు కూడా అటూ ఇటూగా ఒకటే. మొదటిసారి తమకి పడని సీసా చేతికొచ్చినవాళ్లు ఈ రకం మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంటారు. అలా జరగడం నిజంగా బాధాకరం, ఎందుకంటే సరైనది దొరికితే బీరులో ఇంత సువాసన ఉన్న రకాలు చాలా తక్కువ. కొనేముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటే: ఈ సీసాలో పెత్తనం ఈస్ట్‌దా, హాప్స్‌దా?

రెండూ ఎందుకు సులువుగా కలవవు

మామూలు అమెరికన్ ఐపీఏలో ఈస్ట్ తన పని తాను చేసి పక్కకి తప్పుకుంటుంది. సియెర్రా నెవాడా పేల్ ఏల్‌తో పేరొచ్చిన చికో రకం ఈస్ట్ అలాంటిది. 18–20 డిగ్రీల దగ్గర పులియనిస్తే తన రుచి పెద్దగా చూపించదు, మైదానమంతా హాప్స్‌కే వదిలేస్తుంది. బెల్జియన్ ఈస్ట్ అలా ఊరుకోదు. మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలో, ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని 4-వినైల్ గ్వయకాల్ అనే ఫినాల్‌గా మారుస్తుంది. లవంగం, మిరియం లాంటి ఆ ఘాటు దీనిదే. దాంతోపాటు ఎస్టర్లు కూడా: ఐసోఅమైల్ ఎసిటేట్ వల్ల అరటిపండు, ఇథైల్ ఎస్టర్ల వల్ల ఆపిల్, బేరిపండు. పులిసే వేడి 24–26 డిగ్రీలకి పోయే కొద్దీ ఈ పళ్ల వాసన పెరుగుతుంది.

ఇప్పుడు దీని మీద 70, 80 ఐబీయూల చేదు వేశారనుకోండి. ఐబీయూ అంటే స్థూలంగా లీటరు బీరులో కరిగిన ఐసో-ఆల్ఫా ఆమ్లాల మిల్లీగ్రాములు. మన దగ్గర దొరికే లాగర్లలో ఇది చాలా తక్కువ, సాధారణంగా 20 లోపే. హాప్ పూలని గంటసేపు మరిగిస్తే అందులోని ఆల్ఫా ఆమ్లాలు ఈ చేదు రూపంలోకి మారతాయి. అమెరికన్ ఐపీఏలో ఆ చేదుకి ఆనుకోవడానికి కాస్త మాల్ట్ తీపి మిగిలి ఉంటుంది. బెల్జియన్ స్ట్రాంగ్ ఏల్స్‌లో అది మిగలదు. పులిసే పదార్థంలో 10–20 శాతం మామూలు చక్కెర వేస్తారు, ఈస్ట్ దాన్ని పూర్తిగా తినేస్తుంది, బీరు పల్చగా, పొడిగా ముగుస్తుంది. అప్పుడు లవంగం ఘాటూ హాప్ చేదూ అడ్డేమీ లేకుండా గొంతు దగ్గర ఢీకొంటాయి. తలనొప్పి మాత్ర నాలుక మీదే కరిగిపోయినప్పుడు ఎలా ఉంటుందో అలాంటి వగరు అది. ఈ రకంలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, దానికి మూలం కూడా ఇక్కడే ఉంది.

దీన్ని కప్పిపుచ్చడానికి కొందరు బ్రూవర్లు కారమెల్ మాల్ట్ పెంచుతారు. అది ఇంకో చిక్కు. అరటి ఎస్టరూ కారమెల్ తీపీ కలిస్తే అతిగా మగ్గిన అరటిపండు బెల్లం పాకంలో వేసినట్టు బరువెక్కిపోతుంది. రెండో గుటకకే మొహం మొత్తుతుంది.

బాగా కుదిరిన సీసాల్లో ఏం చేశారో చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. మాల్ట్ లేత రంగుది, చేదు అదుపులో ఉంటుంది, హాప్స్‌లో ఎక్కువ భాగం మరిగించడం అయిపోయాక వాసన కోసం వేసినవి. హాప్ రకం కూడా పదేపదే ఒకటే ఎదురవుతుంది: అమరిల్లో. బెల్జియంలోని హుబ్లాన్ షూఫ్, మొదటి డువెల్ ట్రిపెల్ హాప్, అమెరికాలోని ట్యాంక్ 7, రేజింగ్ బిచ్, అన్నిట్లోనూ అదే. దాని వాసన నారింజ తొక్క. గోధుమలతో చేసే బెల్జియన్ విట్ బీరులో ఎండిన నారింజ తొక్క, ధనియాలు వేయడం పాత అలవాటు కాబట్టి ఆ ఈస్ట్ పక్కన నారింజ ఎప్పుడూ పరాయిదిగా అనిపించదు. దేవదారు జిగురు, తడి గడ్డి వాసనల వైపు మొగ్గే హాప్స్ అలా కాదు, లవంగంతో అవి పోటీకి దిగుతాయి. లేబుల్ మీద హాప్ పేర్లు రాసి ఉంటే అమరిల్లో, సిట్రా కనిపించిన సీసా వైపు మొగ్గండి.

ఎవరు ఎవరిని చూసి చేశారు

దీన్ని అమెరికా వాళ్ల కనిపెట్టుడు అనుకోవడం సగమే నిజం. బెల్జియంలో హాప్ రుచి ముందుకి వచ్చే ఏల్స్ ముందునుంచీ ఉన్నాయి. పశ్చిమ ఫ్లాండర్స్‌లోని పోపరింగె హాప్ తోటల ఊరు. అక్కడి హొమ్మెల్‌బీర్ 1981 నాటిది, 7.5 శాతం. హొమ్మెల్ అంటే ఆ ప్రాంతపు యాసలో హాప్ అనే. ఓర్వాల్ మఠంలో కాచే 6.2 శాతం ఏల్‌కి డ్రై హాపింగ్ చేస్తారు, అంటే మరిగించకుండా బీరులోనే హాప్స్ నానబెడతారు. డి రాంకె వాళ్ల ఎక్స్ఎక్స్ బిట్టర్ 6 శాతమే అయినా పూర్తి హాప్ పూలతో చేదుని నిర్మొహమాటంగా చూపిస్తుంది. అయితే వీటన్నిట్లో యూరప్ హాప్స్ వాసన ఉంటుంది: గడ్డి, పూలు, మట్టి, ఎండిన ఆకులు. పంపరపనస, మామిడి లాంటి పళ్ల వాసనలు అమెరికా హాప్స్‌తో వచ్చాయి. అక్కడి హాప్ పంటలో అత్యధికం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయదే.

2000 తర్వాత రాకపోకలు రెండు వైపులా సాగాయి. అమెరికన్ ఐపీఏలు చూసొచ్చిన బెల్జియన్లు ముందు మొదలుపెట్టారు: ఉర్తెల్ హాప్-ఇట్ 2005లో, హుబ్లాన్ షూఫ్ 2006లో, డువెల్ ట్రిపెల్ హాప్ 2007లో. శాన్ డియేగో దగ్గరి స్టోన్ బ్రూవరీ 2008లో కాలీ-బెల్జీక్ తెచ్చింది. బెల్జియన్ సీసాలో సాధారణంగా ట్రిపెల్ (లేత బంగారు రంగు, ఎక్కువ ఆల్కహాల్ ఉన్న బెల్జియన్ ఏల్) మీద అమెరికా హాప్స్ చల్లినట్టుంటుంది. అమెరికన్ సీసాలో ఐపీఏకి బెల్జియన్ ఈస్ట్ తొడిగినట్టుంటుంది. ఆ తేడా గ్లాసులో స్పష్టంగా తెలుస్తుంది.

సీసా సీసాకీ తేడా

బూలెవార్డ్ ట్యాంక్ 7. మిజోరి రాష్ట్రం కాన్సస్ సిటీది, 8.5 శాతం, 38 ఐబీయూలు. పేరుకి ఇది సైసాన్ (బెల్జియం పల్లెల్లో పుట్టిన పొడి ఏల్), ఐపీఏ అని ఎక్కడా రాసుకోలేదు. అయినా ఈ వరుసలో మొదట చెప్పాల్సింది దీన్నే, ఎందుకంటే అమెరికన్ చేతిలో బెల్జియన్ ఈస్టూ హాప్సూ ఇంత పొందికగా కలిసిన సీసా, సులువుగా దొరికేవాటిలో, ఇంకోటి లేదు. లేత బంగారు రంగు, గుట్టలా లేచి చాలాసేపు నిలిచే తెల్ల నురగ. మొదటి వాసన పంపరపనస తొక్క, పచ్చి గడ్డి. నోట్లో తేనె ఛాయ ఒక్క క్షణం కనబడి పోతుంది, తర్వాత తెల్ల మిరియాల ఘాటు, చివర్లో పొడి. చేదు ఉంది, కానీ కాకరకాయ కూర తిన్నాక నోట్లో మిగిలే తరహా, శుభ్రమైన చేదు. 8.5 శాతం ఆల్కహాల్ కనబడదు. అది మెచ్చుకోవాల్సిన సంగతీ, జాగ్రత్త పడాల్సిన సంగతీ కూడా. బూలెవార్డ్‌ని 2013లో డువెల్ మోర్ట్‌గాట్ కొన్న సంగతి తెలిస్తే ఈ బంధుత్వం ఇంకా అర్థమవుతుంది.

ఫ్లయింగ్ డాగ్ రేజింగ్ బిచ్. 8.3 శాతం, 60 ఐబీయూలు. ఆ బ్రూవరీ ఇరవయ్యేళ్ల పండగకి చేసింది. లేబుల్ బొమ్మ బ్రిటిష్ చిత్రకారుడు రాల్ఫ్ స్టెడ్‌మన్‌ది. ఆ పేరు కారణంగా మిషిగన్ మద్యం కమిషన్ అమ్మకానికి అడ్డు చెప్పడం, బ్రూవరీ కోర్టుకెక్కడం కూడా జరిగాయి. రంగు రాగి వైపు. మాల్ట్‌లో కారమెల్ బాగానే ఉంది. పైన చెప్పిన అరటి–బెల్లం చిక్కుకి దగ్గరగా వెళ్తుంది గానీ హాప్స్ తాజాగా ఉన్నంతకాలం నిలదొక్కుకుంటుంది. ముందు నారింజ, మధ్యలో కారమెల్, చివర లవంగం చేదు. పాతబడితే అందరికన్నా ముందు దెబ్బతినేది ఇదే: హాప్ వాసన ఎగిరిపోయి తీపీ చేదూ రెండే మిగులుతాయి. 2023లో ఈ బ్రాండ్ న్యూయార్క్ రాష్ట్రం యూటికాలోని ఎఫ్.ఎక్స్. మ్యాట్ బ్రూవరీ చేతికి వెళ్లింది.

హుబ్లాన్ షూఫ్. ఆర్డెన్ కొండల్లోని అషూఫ్ బ్రూవరీది, 9 శాతం. లేబుల్ మీద ట్రిపెల్, ఐపీఏ రెండు పేర్లూ ఉంటాయి. టొమాహాక్, సాజ్, అమరిల్లో మూడు హాప్స్. కొంచెం మబ్బుగా ఉన్న లేత పసుపు, గ్యాస్ ఎక్కువ. ఐబీయూల లెక్కలో ఇది రేజింగ్ బిచ్‌కి ఇంచుమించు సమానం, కానీ నోట్లో అంత చేదుగా తోచదు. కారణం గ్యాసూ, మాల్ట్ తేలికదనమూ. అమెరికన్ తరహా ఏమిటో తెలియాలంటే దాని ఎదురుగా పెట్టి తాగి చూడాల్సిన బెల్జియన్ సీసా ఇది.

డువెల్ ట్రిపెల్ హాప్ సిట్రా. 9.5 శాతం. మామూలు డువెల్‌లో సాజ్, స్టిరియన్ గోల్డింగ్ మాత్రమే, 8.5 శాతం. దానికి మూడో హాప్‌గా సిట్రా చేర్చారు. పంపరపనస, లిచీ, మామిడి వాసన చాలా తేటగా వస్తుంది, లవంగం బాగా వెనక్కి జరుగుతుంది. ట్రిపెల్ అలవాటున్నవాళ్లకి హాప్స్ పరిచయం చేయడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

స్టోన్ కాలీ-బెల్జీక్ (6.9 శాతం, 77 ఐబీయూలు), గ్రీన్ ఫ్లాష్ లె ఫ్రీక్ (9.2 శాతం) ఈ రకానికి ఒకప్పటి జెండాలు. మొదటిది స్టోన్ ఐపీఏనే బెల్జియన్ ఈస్ట్‌తో పులియబెట్టింది కాబట్టి చేదుకి వెనక్కి తగ్గలేదు. రెండోది ట్రిపెల్‌కీ ఇంపీరియల్ ఐపీఏకీ (ఇంకా ఘాటైన ఐపీఏ) పెళ్లి. ఎక్కడైనా అరమీద దుమ్ము పట్టిన పాత సీసా కనిపిస్తే పేరు చూసి కొనకండి. హాప్స్ కోసం చేసిన బీరు ఏళ్ల తరబడి ఆగదు.

మీకు ఏది

ఐపీఏ అలవాటున్నవాళ్లు, చేదంటే ఇష్టపడేవాళ్లు తాజా రేజింగ్ బిచ్‌తో గానీ, మీ ఊరి బ్రూపబ్‌లో అమెరికన్ బెల్జియన్ ఐపీఏ అని కాస్తుంటే దానితో గానీ మొదలుపెట్టండి. బ్రూపబ్‌లో అడగాల్సినవి రెండు ప్రశ్నలు: ఈస్ట్ ఏది, ఐబీయూ ఎంత? 60 దాటి, మాల్ట్ రాగి రంగు అంటే ముందు చిన్న గ్లాసే అడగండి.

ట్రిపెల్, డువెల్, విట్ ఇష్టపడేవాళ్లు డువెల్ ట్రిపెల్ హాప్‌కి, తర్వాత హుబ్లాన్‌కి వెళ్లండి. హైదరాబాద్ బ్రూపబ్బుల్లో బెల్జియన్ విట్ తాగి నచ్చినవాళ్లు కూడా ఈ దారిలోనే రావాలి. విట్‌లో ధనియాలు, నారింజ తొక్క వేసి తెచ్చిన వాసనని ఇక్కడ హాప్స్ తెస్తాయి, కాబట్టి అడుగు పెద్దది కాదు.

ఇప్పటిదాకా లాగరే తాగినవాళ్లకి ట్యాంక్ 7. చేదు 38 దగ్గరే ఆగింది, పళ్ల వాసన వెంటనే అందుతుంది, ఏ ఒక్కటీ మీద పడదు. ఇది నచ్చి ఇంకా పళ్లు కావాలనిపిస్తే డువెల్ ట్రిపెల్ హాప్ వైపు, ఇంకా చేదు కావాలనిపిస్తే హుబ్లాన్ వైపు. ఇంకా పొడిగా, ఇంకా విచిత్రంగా కావాలంటే ఓర్వాల్. అందులో బ్రెటానోమైసిస్ అనే అడవి ఈస్ట్ నెలలు గడిచే కొద్దీ రుచి మారుస్తుంది. మూడు నెలలప్పుడు హాప్స్, ఏడాదికి తోలు, ఎండుగడ్డి. దాని సీసా మీద నింపిన తేదీ కూడా ఉంటుంది కాబట్టి ఏ వయసుది కొంటున్నారో తెలుసుకుని కొనొచ్చు.

తేదీ చూడటం

ఈ రకంలో బ్రాండ్ కన్నా తేదీకే ఎక్కువ విలువ ఇవ్వాలి. హాప్ వాసన చల్లని చోట ఉన్నా మూడు నెలలకి బాగా తగ్గుతుంది, ఎండాకాలం గోడౌన్‌లో అయితే వారాల్లోనే. అమెరికన్ సీసాల్లో చాలావాటి మీద నింపిన తేదీ గానీ, కొన్ని నెలల గడువు గానీ ఉంటుంది. బెల్జియన్ సీసాల మీద తరచు గడువు తేదీ మాత్రమే ఉంటుంది, అదీ రెండు మూడేళ్ల తర్వాతది. అక్కడే మోసపోతారు. మూడేళ్ల గడువు ఇచ్చే బ్రూవరీ సీసా మీద 2027 ఆగస్టు అని ఉంటే అది 2024 ఆగస్టులో నింపినది. గడువు ఇంకా ఉన్నా అందులో హాప్స్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. పాడవదు, తాగొచ్చు, కానీ మీరు డబ్బిచ్చింది ఆ వాసనకి కదా. ఆరు నెలల లోపుది దొరికితే తీసుకోండి, ఏడాది దాటితే దాని పక్కనున్న మామూలు ట్రిపెల్ కొనడం మంచిది. అది వయసు తట్టుకుంటుంది.

ట్యూబ్‌లైట్ కింద, కిటికీ పక్కన పెట్టిన సీసాలు వద్దు. వెలుతురు తగిలితే హాప్ చేదు పదార్థాలు విరిగి గంధకపు వాసన ఉన్న సమ్మేళనం పుడుతుంది: కాలిన రబ్బరుకీ కుళ్లిన వెల్లుల్లికీ మధ్యలో ఉండే వాసన. గోధుమ రంగు సీసా చాలావరకు కాపాడుతుంది, ఆకుపచ్చది పెద్దగా కాపాడదు. ఆకుపచ్చ సీసా అయితే అట్టపెట్టె లోంచి తీసిచ్చింది అడగండి. క్యాన్ ఉంటే ఆ దిగులే లేదు.

పోయడం, వరుస, వేడి

రెండు మూడు సీసాలు ఒకేసారి పోల్చి చూస్తేనే ఈ రకం అర్థమవుతుంది. నలుగురు ఉంటే మూడు సీసాలు చాలు. ముందు రోజే ఫ్రిజ్‌లో నిలబెట్టండి, పడుకోబెడితే అడుగున పేరుకున్న ఈస్ట్ లేచిపోతుంది. తాగే ముందు పదిహేను ఇరవై నిమిషాలు బయట పెట్టండి, 8–10 డిగ్రీలకి రావాలి. 4 డిగ్రీల దగ్గర పోస్తే వాసన నిద్రపోతుంది, చేదు మాత్రం మేలుకునే ఉంటుంది. చాలామందికి ఈ బీర్లు వట్టి చేదుగా తోచడానికి సగం కారణం ఇదే.

గ్లాసు లోపల సబ్బు జిడ్డు ఉండకూడదు. నీళ్లతో కడిగి తడిగానే వాడండి. పొట్ట వెడల్పుగా, మూతి లోపలికి వంగిన గ్లాసు ఉంటే సరి, లేదంటే వైన్ గ్లాసు. మామూలు పొడుగు గ్లాసులో ఈ బీరు సగం పోతుంది. బెల్జియన్ సీసాల్లో గ్యాస్ మామూలు ఐపీఏ కన్నా చాలా ఎక్కువ, అమెరికన్ ఐపీఏ సుమారు 2.5 పరిమాణాలైతే (లీటరు బీరులో అన్ని లీటర్ల గ్యాస్ కరిగిందని) ఇవి 3 నుంచి 4 దాకా. కాబట్టి గ్లాసు వంచి నెమ్మదిగా, ఒకే ధారగా పోయండి. ఆఖరి 15–20 మిల్లీలీటర్లు సీసాలోనే వదిలేయండి. ముందు తేట భాగం రుచి చూసి, తర్వాత కావాలంటే ఆ మడ్డి కలిపి చూడండి. ఈస్ట్ కలిస్తే చేదు కొంచెం మెత్తబడి పిండి రుచి వస్తుంది. హుబ్లాన్‌లో ఇది బాగుంటుంది, ట్యాంక్ 7లో పొడిదనం పోతుంది.

వరుస చేదుని బట్టి పెట్టుకోండి: ట్యాంక్ 7, డువెల్ ట్రిపెల్ హాప్, హుబ్లాన్, చివర రేజింగ్ బిచ్. తిరగేస్తే మొదటి చేదు తర్వాతివాటిని తినేస్తుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టి చిన్నగా మూడుసార్లు వాసన పీల్చండి. ఒక గుటక, మింగాక ముక్కుతో గాలి వదలడం. లవంగం అక్కడే దొరుకుతుంది, నాలుక మీద కాదు. మధ్యలో నీళ్లు, ఉప్పులేని బ్రెడ్ ముక్క. ప్రతి గ్లాసులో రెండు గుటకలు మిగిల్చి పావుగంట తర్వాత మళ్లీ తాగండి. చల్లదనం తగ్గాక ట్యాంక్ 7లో జామపండు వాసన లాంటిది తేలుతుంది, హుబ్లాన్‌లో ఆల్కహాల్ వెచ్చదనం బయటపడుతుంది, కారమెల్ ఎక్కువున్న సీసా మొద్దుబారుతుంది. ఈస్ట్, హాప్స్‌లో ఎవరి మాట ఎంత వినబడుతుందో ఈ రెండో గుటకలో తేలుతుంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. తాజా అమెరికన్ ఐపీఏ 50 మిల్లీలీటర్లు, వెస్ట్‌మాల్ ట్రిపెల్ 50 మిల్లీలీటర్లు ఒకే గ్లాసులో కలిపి తాగండి. దేవదారు జిగురు తరహా ఐపీఏ అయితే మాత్ర కరిగిన వగరు వెంటనే తెలుస్తుంది, నారింజ తరహా ఐపీఏ అయితే కలయిక హాయిగా ఉంటుంది. ఇదే పని రెండు ఐపీఏలతో చేసి చూస్తే పైన చెప్పిన గొడవ నాలుకకే అర్థమైపోతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో వాసనే చెబుతుంది

తడిసిన అట్టపెట్టె వాసన అంటే గాలి తగిలి పాతబడింది. దీంతోపాటు రంగు ముదురుతుంది, చేదు గరుకవుతుంది. గోళ్ల రంగు చెరిపే ద్రావకం వాసన, గొంతు మంట అంటే అతి వేడిలో పులిసింది. వెన్న వాసన డయాసిటైల్‌ది. ఈ రకంలో అది డ్రై హాపింగ్ తర్వాత కూడా రావచ్చు: హాప్ పూలలోని ఎంజైమ్‌లు మిగిలిన పిండి చక్కెరల్ని విరగ్గొడితే ఈస్ట్ మళ్లీ పులియబెట్టడం మొదలుపెడుతుంది. అలాంటి సీసాలో గ్యాస్ పెరిగి, మూత తీయగానే సగం బల్ల మీదికి పొంగిపోతుంది. ఆసుపత్రి కట్టు వాసన మాత్రం లవంగం ఫినాల్‌కి చెడ్డ చుట్టం, నీళ్లలో క్లోరిన్ మిగిలితే వస్తుంది. బ్రూపబ్‌లో ఇది తగిలితే మొహమాటపడకుండా గ్లాసు వెనక్కివ్వండి.

తిండి, కిక్కు

చేదూ, ఎక్కువ ఆల్కహాలూ, గ్యాసూ మూడూ కారం మంటని పెంచుతాయి. గుంటూరు కారం పడిన కోడి వేపుడు పక్కన 60 ఐబీయూల 8 శాతం బీరు పెడితే రెండూ పాడవుతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటికి నలుగురు వచ్చినప్పుడు మసాలా భోజనానికి ట్యాంక్ 7 దాకా సరే, అంతకు మించి వద్దు. మిరియాలతో వేయించిన చేప, ధనియాల పొడి పట్టించి కాల్చిన కోడి, మొక్కజొన్న గారెలు, మెత్తటి మేక జున్ను: వీటి పక్కన హుబ్లాన్, డువెల్ ట్రిపెల్ హాప్ అద్భుతంగా ఉంటాయి. మిరియం, ధనియం ఆ ఈస్ట్‌కి సొంత చుట్టాలు, మిరపకాయ కాదు.

కిక్కు లెక్క కూడా చూసుకోండి. 330 మిల్లీలీటర్ల 9 శాతం సీసాలో సుమారు 30 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన 650 మిల్లీలీటర్ల లైట్ బీరు, 5 శాతమైతే, సుమారు 32. అంటే చేతిలో చిన్న సీసానే, లోపల పెద్ద సీసా. ఒక్కటి తాగినా బండి ఎక్కకూడదు. 750 మిల్లీలీటర్ల సీసా ముగ్గురికి సరిపోతుంది.

మీరే కాచుకుంటే

అమెరికాలో ఇంట్లో వాడుకకి బీరు కాచుకోవడాన్ని 1978 నాటి ఫెడరల్ చట్టం అనుమతించింది, అక్కడ ఉన్నవాళ్లకి ఇది మంచి ప్రాజెక్టు. 20 లీటర్లకి 5.5 కిలోల పిల్స్నర్ మాల్ట్, అర కిలో చక్కెర. మొదటి సాంద్రత (నీళ్లది 1.000 అనుకుంటే) 1.068 అటూ ఇటూ, ముగింపు 1.010. మాగ్నమ్ హాప్స్ (ఆల్ఫా 12 శాతం) 25 గ్రాములు 60 నిమిషాలు మరిగించండి. మంట తీసి, 80 డిగ్రీలకి చల్లారాక అమరిల్లో 60 గ్రాములు వేసి ఇరవై నిమిషాలు ఉంచండి. మొత్తం చేదు 40 చుట్టూ ఆగుతుంది, అక్కడే ఆగనివ్వండి. కారమెల్ మాల్ట్ అస్సలు వద్దు. నీళ్లలో జిప్సం ఎక్కువ వేస్తే చేదు పదునెక్కుతుంది, ఐపీఏకి వేసేదాంట్లో సగం చాలు.

ఈస్ట్, వైయీస్ట్ కంపెనీది, 3522 (ఆర్డెన్) గానీ 1388 గానీ. మొదటి రెండు రోజులు 19–20 డిగ్రీల దగ్గర పట్టి ఉంచి, తర్వాత మెల్లగా 24కి పోనివ్వండి. మొదటి రోజే వేడెక్కితే గోళ్ల రంగు వాసన పడుతుంది. 3724 అనే సైసాన్ ఈస్ట్ 1.030 దగ్గర మొండికేస్తుంది. దానికి 30 డిగ్రీలు దాటించే ఏర్పాటు లేకపోతే వాడొద్దు.

పులియడం పూర్తయ్యాక ఇంకో 60 గ్రాముల అమరిల్లో మూడు రోజులు. ఆ తర్వాత సాంద్రత రెండు మూడు రోజుల ఎడంతో చూడండి, అంకె కదలనంతవరకు సీసాల్లో నింపొద్దు. హాప్స్ పడ్డాక మళ్లీ పులిసే ప్రమాదం పైన చెప్పాం, అది సీసాలో జరిగితే సీసా పగులుతుంది. 3 పరిమాణాల గ్యాస్‌కి లీటరుకి 8 గ్రాముల చక్కెర, మందపాటి సీసాలే వాడాలి. మూడు వారాలు గది వేడిలో ఉంచి ఫ్రిజ్‌లోకి మార్చండి, అప్పటినుంచి ఆరు వారాల్లోపు తాగేయండి.